బుర్రకథ మన ర్యాపా? అయితే గ్రైమ్ కూడా హిప్ హాపే, పొండి

ముందే చెబుతున్నా, ఈ టపా కోపంలో రాస్తున్నది. కోపం వచ్చి మూడు వారాలైంది. ఈలోగా ఒక రిలీజు, రెండు ప్రొడక్షన్ ఇష్యూలు అయిపోయాయి. అదే చల్లారుతుందిలే అని చూశాను. చల్లారలేదు. కాబట్టి మీకీ కష్టం.

మాది బెజవాడ శివార్లలో ఓ మోస్తరు కంపెనీ. ఏడాదికోసారి కల్చరల్ డే అని ఒకటి చేస్తారు. ఈసారి పేర్లు ఇవ్వడానికి ఆన్‌లైన్లో ఫారం పెట్టారు. అందులో 'ప్రదర్శన రకం' అని ఒక డ్రాప్‌డౌన్. సినిమా పాటలు, శాస్త్రీయ సంగీతం, డ్యాన్సు, స్కిట్టు... అన్నిటికంటే కింద 'ర్యాప్: హిప్ హాప్, గ్రైమ్, బుర్రకథ వగైరా'.

దీనిమీద లంచ్‌లో పెద్ద గొడవే అయింది. కాకపోతే బుర్రకథ గురించి కాదు. మా టీములో ఒకడు రెండేళ్లు లండన్లో ఆన్‌సైట్ చేసొచ్చాడు. గ్రైమ్‌ని తీసుకెళ్లి హిప్ హాప్‌తో ఒకే గాటన కట్టడం ఘోరం, నేరం, లండన్ కుర్రాళ్లకి అవమానం అంటాడు వాడు. రెండూ మైకు పట్టుకుని గబగబా మాట్లాడ్డమేగా, ఒకటి అమెరికా యాస, ఇంకోటి లండన్ యాస, దానికింత రాద్ధాంతమేంటని మిగతావాళ్లు. పెరుగన్నం దాకా నడిచింది. చివర్లో ఒకమ్మాయి "మరి బుర్రకథో?" అంది. వాడు ఠక్కున "అది మన ర్యాపేగా" అన్నాడు. అందరూ తలూపారు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఏకగ్రీవం!

నేనూ నోరెత్తలేదు. అది నా తప్పే. పైగా ఆ ఫారంలోకి బుర్రకథ వచ్చి పడడానికి కారణం కూడా నేనే. మా తాతయ్యది పామర్రు దగ్గర పల్లెటూరు. ఆయనకి తెలిసిన దళం ఒకటుంది, ముగ్గురు మనుషులు. కథకుడికి అరవై దాటాయి. నవమి పందిళ్లకి, దసరాకి ఎవరైనా పిలిస్తే చెబుతారు, లేనప్పుడు ఎవరి పని వాళ్లది. వాళ్లని పిలిపిద్దామని నేనే మెయిలు పెట్టా. సరే అన్నారు. ఆరు నిమిషాలిచ్చారు. రాత్రి మొదలుపెడితే ఏ మూడు గంటలకో ముగిసే కథకి ఆరు నిమిషాలు! సరే, అక్కడికీ సర్దుకున్నాం. అల్లూరి సీతారామరాజు కథలో ఒక ఘట్టం చెబుతామన్నారు.

'పాల్గొనేవారి పాత్రలు' అన్న గడిలో నేను ఉన్నదున్నట్టు రాశాను: కథకుడు, హాస్యం, రాజకీయం.

ప్రోగ్రాం రోజు పొద్దున మా హెచ్ఆర్ అమ్మాయి ఆ ప్రింటవుట్ పట్టుకుని గ్రీన్ రూముకొచ్చింది. మంచి పిల్లే, పాపం ఆమె ఉద్యోగం ఆమె చేస్తోంది. "అంకుల్, మన దగ్గర పాలిటిక్స్ కుదరదండీ. పాలసీ. ఈ రాజకీయం ఒక్కటీ తీసేయండి" అంది.

కథకుడాయన ఆమె వంకా, పక్కన గుమ్మెట వేడి చూపించుకుంటున్న మనిషి వంకా చూసి, "ఎవర్నమ్మా, మావాణ్ణా?" అన్నాడు.

అందరం నవ్వాం. నేనూ నవ్వా. తర్వాత చూస్తే అది జోకు కాదు.

బుర్రకథ ఎప్పుడూ చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. నడుమ కథకుడు. అంగరఖా, తలపాగా, కాళ్లకి గజ్జెలు. ఒక చేత్తో భుజం మీది తంబురా మీటుతూ రెండో చేతి వేళ్లకున్న అందెలు మోగిస్తూ ముందుకీ వెనక్కీ అడుగులేస్తూ కథ చెబుతాడు. అటూ ఇటూ ఇద్దరు వంతలు, చేతిలో గుమ్మెటలు. ఎడమవైపు వాడు హాస్యం. కుడివైపు వాడు రాజకీయం. అవి వాళ్ల పాత్రల పేర్లు. హాస్యం నవ్విస్తాడు. రాజకీయం లోకం సంగతి తెలిసినవాడు, కథలో జరిగినదాన్ని ఈ రోజుకీ ఈ ఊరికీ తెచ్చి ముడిపెడతాడు. ప్రపంచంలో ఇంకెక్కడైనా రాజకీయం అనే పేరుతో ఒక మనిషిని స్టేజీ మీద జీతమిచ్చి నిలబెట్టిన కళ ఉందో లేదో నాకైతే తెలీదు. మనకుంది. మేం ఆయన్ని ఆరు నిమిషాలు నోరు మూసుకుని గుమ్మెట వాయించమన్నాం. వాయించాడు. చివర్లో వచ్చే వంత పాట మాత్రం పాడాడు.

తర్వాత జడ్జిగారి వ్యాఖ్య. 'లీడ్ ఆర్టిస్టు ఫ్లో బావుంది. కానీ పక్కనున్న ఆయన మధ్యమధ్యలో అడ్డుపడ్డం వల్ల ఫ్లో తెగుతోంది.' అంటే హాస్యం! ఉన్న ఒక్క గొంతూ అడ్డమే. పదికి అయిదున్నర.

జడ్జిగారినేం అనను. ఆయన చేతిలో ఉన్నది ర్యాప్‌కి మార్కులేసే కాగితం. వేగం, ప్రాస, పంచ్, ఫ్లో. ఆ కాగితం ప్రకారం అయిదున్నర ఎక్కువే. ఏ పేరు కింద నిలబెడితే ఆ కొలబద్దతోనే కొలుస్తారు. నేను కొట్లాడుతున్నది ఇందుకే. 'పేర్లదేముందిలే, అంతా సంగీతమేగా' అనే ఉదారవాదులు దయచేసి ఈ పేరా ఇంకోసారి చదవండి.

ఇప్పుడు గ్రైమ్ సంగతి. మా లండన్ వాడి మీద నాకెంత కోపమున్నా, గ్రైమ్ విషయంలో వాడిదే రైటు. కాకపోతే వాడు చెప్పిన కారణం తప్పు.

వాడి మొదటి పాయింటు వేగం. గ్రైమ్ నిమిషానికి 140 బీట్లు, హిప్ హాప్ చాలావరకూ వందలోపే, కాబట్టి వేరు. అదే లెక్కైతే డబ్‌స్టెప్ కూడా 140 దగ్గరే, అదీ లండన్లో అదే సమయంలో పుట్టిందే. రెండూ ఒకటే అందామా? బుర్రకథలోనైతే ఒకే ఘట్టంలో నడక మూడుసార్లు మారుతుంది. యుద్ధం వచ్చేసరికి గుమ్మెటలు పరిగెడతాయి, చావు దగ్గర దాదాపు ఆగిపోతాయి. మెట్రోనోము పెట్టి జాతులు విడదీస్తే ఒక్క బుర్రకథలోనే మూడు జాతులు తేలతాయి.

అవతలివాళ్ల పాయింటు ఇంకా ఘోరం. 'రెండూ తాళానికి మాట్లాడ్డమేగా.' తాళానికి మాట్లాడేదంతా ర్యాపే అయితే, మన నెహ్రూ బస్టాండ్ బయట గుడివాడ గుడివాడ గుడివాడ అని అరిచే కుర్రాడికి గ్రామీ ఇవ్వాలి. గోదారి జిల్లాల్లో దుడ్డు వేలం పాడేవాడికి జీవన సాఫల్య పురస్కారం.

పుట్టుక చూడండి. హిప్ హాప్‌కి అందరూ చెప్పే పుట్టినరోజు 1973 ఆగస్టు 11. న్యూయార్కులోని బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ చెల్లెలి కోసం చేసిన పార్టీ. హెర్క్ జమైకాలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చినవాడు. వీధిలో పెద్దపెద్ద స్పీకర్లు పెట్టి, పాట మీద మైకులో మాటలు కలిపే సౌండ్ సిస్టమ్ పద్ధతి జమైకాది. అదే జమైకా నుంచి ఇంకో పాయ లండన్ వెళ్లింది. అక్కడ రెగే, జంగిల్, గరాజ్ అన్నీ దాటుకుని, 2002 ప్రాంతంలో తూర్పు లండన్ బో పేటలో కొందరు కుర్రాళ్లు ఇళ్లలో కంప్యూటర్ల మీద కటువైన బీట్లు తయారుచేసుకుని, లైసెన్సు లేని పైరేట్ రేడియోల్లో మైకు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చెప్పడం మొదలెట్టారు. వైలీ, డిజీ రాస్కల్ వగైరా. 2003లో డిజీ రాస్కల్ మొదటి ఆల్బమ్‌కే మెర్క్యురీ ప్రైజు వచ్చింది.

మన భాషలో చెప్పాలంటే, గ్రైమ్ హిప్ హాప్‌లోంచి ఫోర్క్ కాలేదు. రెండూ ఒకే పాత రెపోలోంచి వేర్వేరు చోట్ల, వేర్వేరు కాలాల్లో విడిపోయిన బ్రాంచీలు. తర్వాత ఒకదాంట్లోంచి ఒకటి చెర్రీ పిక్ చేసుకున్నాయి, నిజమే. వైలీ తరం అమెరికా ర్యాప్ వినలేదని ఎవరూ అనరు. ఇవాళ లండన్ కుర్రాళ్లు ఒకే ఆల్బమ్‌లో అదీ ఇదీ రెండూ చేస్తారు. సరిహద్దు ఎక్కడో గీత గీసి చూపించమంటే నావల్ల కాదు. కానీ 2022కి ముందు కృష్ణా జిల్లా ఎక్కడ ఆగి పశ్చిమ గోదావరి ఎక్కడ మొదలయ్యేదో కొల్లేటిలో గీత గీసి చూపించగలరా? అంతమాత్రాన రెండు జిల్లాలూ ఒకటి కావుగా.

ఫోర్క్ అయినంత మాత్రాన వేరైపోదు కూడా. గీతలకంటే, బీట్లకంటే నేను చూసేది ఇంకోటి: అక్కడున్నవాళ్లలో ఎవరికి ఏ హక్కుంది?

గ్రైమ్‌లో ఒక ఎంసీ మాంచి లైను వేశాడనుకోండి, జనం గోల చేస్తారు, డీజే పాటని వెనక్కి లాగి మళ్లీ మొదట్నుంచి వేస్తాడు. దాన్ని రీలోడ్ అంటారు. ఇది మనకి కొత్తా? కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పద్య నాటకం చూసినవాళ్లని అడగండి. రాయబారం సీనులో కృష్ణుడు రాగం తీసి దించగానే వెనక బెంచీల నుంచి 'వన్స్ మోర్!' అంతే, కురు సభ ఆగిపోతుంది. దుర్యోధనుడు చేతులు కట్టుకు నిలబడతాడు, కృష్ణుడు మళ్లీ అదే పద్యం ఎత్తుకుంటాడు. కథ ఆగినా ఫర్వాలేదు, పద్యం కావాలి. ఆ ఒక్క హక్కు వల్ల పద్య నాటకం కచేరీ కాకుండా, కేవలం నాటకమూ కాకుండా వేరే ఏదో అయింది. రాగాలు మాత్రం కర్ణాటక సంగీతంలోవే. హిప్ హాప్ ఎక్కువగా స్టూడియోలో పూర్తయిన పాట. గ్రైమ్ మొదట్లో రేడియో సెట్టు, అంటే అప్పటికప్పుడు జనంతో, డీజేతో, పక్క ఎంసీతో తేలే వ్యవహారం. నా మటుకు నాకు తేడా అక్కడుంది, 140లో కాదు.

ఈ పద్ధతిలో మన కథలవైపు చూద్దాం. మొన్నటి కల్చరల్ డే తర్వాత ఒకాయన నాతో 'ర్యాప్ కాకపోతే హరికథ లాంటిదనుకో, ఎలాగూ అన్నీ ఒకటే' అన్నాడు. హతవిధీ. ఆదిభట్ల నారాయణదాసు గారు (1864–1945) తీర్చిదిద్దిన హరికథలో మనిషి ఒక్కడే. చేతిలో చిడతలు, వెనక వయొలిను, మృదంగం. రాముడూ తనే, రావణుడూ తనే, మధ్యలో పిట్టకథ చెప్పి నవ్వించేదీ తనే. దాసుగారిని ఎవరూ ప్రశ్న అడగరు. అడగాల్సిన ప్రశ్న కూడా ఆయనే వేసుకుని ఆయనే జవాబు చెప్పుకుంటాడు. అది గొప్పే, ఒక మనిషి అంత మోయడం తేలిక కాదు. కానీ బుర్రకథలో కథకుడికి ఆ స్వేచ్ఛ లేదు. మాట అనగానే పక్కనుంచి 'ఎందుకని?' అని ఒకడు, 'అబ్బో!' అని ఇంకొకడు. జవాబు చెప్పాకే ముందుకి కదలాలి.

మరి ఈ ఇద్దరు వంతలు ఎక్కడివాళ్లు? జంగం కథ. శైవ జంగాలు ఊరూరా తిరిగి కథలు చెప్పేవారు. మగవాడు తంబురాతో, ఆడవాళ్లు గుమ్మెటలతో వంత. కాంభోజరాజు కథ, బాలనాగమ్మ కథ, బొబ్బిలి కథ, దేశింగురాజు కథ. కోత కోసి ధాన్యం ఇంటికొచ్చాక చెబితే గింజలు పెట్టేవారు. ఆ ఆకారాన్నే 1940లలో కృష్ణా, గుంటూరు జిల్లాల కమ్యూనిస్టు కుర్రాళ్లు పట్టుకున్నారు. 1943లో ఇప్టా పుట్టింది, మనదగ్గర దాని పేరు ప్రజానాట్యమండలి. పత్రిక చదవలేని జనానికి బెంగాల్ కరువు గురించి చెప్పాలి, జమీందారు గురించి చెప్పాలి. నాటకానికి తెరలు కావాలి, దుస్తులు కావాలి. దీనికి ముగ్గురు మనుషులు, ఒక పెట్రోమాక్సు లైటు చాలు. సుంకర సత్యనారాయణ గారు 'కష్టజీవి' లాంటి బుర్రకథలు రాశారు. మోటూరు ఉదయం గారి లాంటి ఆడవాళ్లు దళం కట్టి ఊళ్లమ్మట చెప్పారు. ఆ రోజుల్లో కుటుంబాల ఆడపిల్లలు స్టేజీ ఎక్కి జనానికి రాజకీయం చెప్పడమంటే ఎంత గొడవై ఉంటుందో ఊహించుకోండి.

ఇక నాజర్. షేక్ నాజర్, 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టాడు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి', అంటే దూది ఏకే కులం పేరు, తిట్టుగా వాడే మాటనే తీసి అట్ట మీద పెట్టుకున్నాడు. శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నాడు, నాటకాల్లో వేశాడు, అదంతా తెచ్చి బుర్రకథలో పోశాడు. ఒక తురకాయన పల్నాటి యుద్ధం చెబుతుంటే బ్రహ్మనాయుడి వారసులమని మీసాలు తిప్పేవాళ్లు కళ్లు తుడుచుకున్నారని మా తాతయ్య ఇప్పటికీ చెబుతాడు. 1954లో వచ్చిన 'అగ్గిరాముడు' సినిమాలో నాజర్ దళం అల్లూరి కథ చెబుతుంది, చూడకపోతే వెతికి చూడండి. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. 1997లో పోయాడు.

ఇక్కడ నా వాదనకే ఒక దెబ్బ ఉంది, దాచను. జంగం కథ ఆకారం తీసుకుని పేరు మార్చి 'ఇది కొత్త కళ' అంటే, జంగాలకి దక్కాల్సింది ఎవరు తిన్నట్టు? వేరు వేరు అని నేను అరవడం కూడా ఒక రకం దోపిడీ కావచ్చు. పితామహుడి పేరు అందరికీ తెలుసు, తాతముత్తాతల పేర్లు ఎవరికీ తెలీవు. మొన్న వచ్చిన దళంలో కథకుడాయన "మేం మొదట జంగం కథలోళ్లమే బాబూ, పేరు తర్వాతొచ్చింది" అన్నాడు. దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. వేరు అనడం వేరు, వేరుని నరకడం వేరు అని మాత్రం అనుకుంటున్నా. లైసెన్సు ఫైల్లో అసలు రాసినవాడి పేరు ఉంచాలి, అంతే.

అయినా అది వేరే కళే అయిందని ఎందుకంటున్నానంటే, ఆ రాజకీయం అన్న మనిషి వల్ల. కథకుడు ఎప్పుడూ కథ కాలంలో ఉంటాడు. అల్లూరి కథైతే 1922–24 మన్యం. అక్కణ్ణుంచి కదలకూడదు, కదిలితే రక్తి పోతుంది. కుడిపక్కవాడు మాత్రం ఈ రోజులో ఉంటాడు, మన ఊళ్లో, మన ముందు. కథకుడు ముత్తాదారుల గురించి చెబుతుంటే వాడు ఆపి, 'అయితే మన ఊళ్లో ఫలానా సంగతి కూడా ఇలాంటిదేనా?' అంటాడు. ఒకే స్టేజీ మీద రెండు కాలాలు, మధ్యలో నవ్వు. జనం ఏ కాలంలో ఉండాలో వాళ్లిష్టం.

ర్యాప్‌లో ఇది లేదా అంటే, దగ్గరగా వచ్చేది ఉంది. నా మీదికి విసరదగ్గ అతి పెద్ద రాయి నేనే అందిస్తా: పబ్లిక్ ఎనిమీ బృందం. చక్ డీ గంభీరంగా చెబుతుంటే, మెడలో గోడ గడియారమంత గడియారం వేలాడేసుకుని ఫ్లేవర్ ఫ్లావ్ పక్కన గెంతుతూ అరుస్తూ ఉంటాడు. అచ్చం మన హాస్యమే! మొదటిసారి వీడియో చూసి నేను కుర్చీలోంచి లేచా. కానీ రాజకీయం ఎక్కడ? అక్కడ రాజకీయం చెప్పేది నడిమి మనిషే. ర్యాప్ అంతా 'నేను'. నా పేరు, నా పేట, నా పగ, నా గెలుపు. గ్రైమ్‌లో రెండు 'నేను'లు ఎదురెదురుగా నిలబడి కొట్టుకుంటాయి. తప్పు పట్టడం లేదు, ఆ 'నేను'లోనే దాని బలముంది. నిన్నటిదాకా ఎవరూ లెక్కచెయ్యని కుర్రాడు మైకులో తన పేరు తాను చెప్పుకోవడం చిన్న విషయం కాదు. బుర్రకథలో మాత్రం కథకుడు 'నేను' అనడు. ఆయన పేరుతో జనానికి పనిలేదు. ఆ ప్రశ్న వేసేవాడు కావాలి.

మా లండన్ వాడు దీనంతటికీ ఒక్కటే అన్నాడు, అది ఆలోచించాల్సిన మాటే. "ర్యాప్ అంటే కనీసం మన పిల్లలు చూస్తార్రా. బుర్రకథ అంటే యూట్యూబ్‌లో కూడా దాటేస్తారు. పేరు మారిస్తే బతుకుతుందిగా" అని. 1994లో 'ప్రేమికుడు'లో పేట ర్యాప్ విన్నప్పటినుంచి తెలుగువాడికి ర్యాప్ అంటే మోజే, నిజం. కానీ ఇలా 'బతికించడం' ఇదివరకే ఒకసారి జరిగింది. స్వాతంత్ర్యం వచ్చాక, 1948 తర్వాతి నిర్బంధంలో ప్రజానాట్యమండలి చెల్లాచెదురయ్యాక, బుర్రకథని ఆదరించింది ప్రభుత్వమే. కేంద్రం 1954లో పెట్టిన సాంగ్ అండ్ డ్రామా డివిజన్ లాంటివి ఊళ్లకి దళాల్ని పంపేవి. కుటుంబ నియంత్రణ బుర్రకథ, పొదుపు బుర్రకథ, తర్వాత ఎయిడ్స్ బుర్రకథ. మంచి విషయాలే, నేను కాదనను. ఆ డబ్బుతో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది. కానీ రాజకీయం అడిగే ప్రశ్న మారిపోయింది. 'ఎందుకిలా జరుగుతోంది?' అనేవాడు 'అయితే ఏ ఆసుపత్రికి వెళ్లాలి?' అని అడగడం మొదలెట్టాడు. గుమ్మెట అదే, తలపాగా అదే. ఆకారం బతికింది.

ఇక లండన్లో ఫారం సంగతి. మా వాడికే తెలీదు, నేను చెబితే ఆశ్చర్యపోయాడు. 2005లో లండన్ పోలీసులు ఫారం 696 అని ఒకటి పెట్టారు. క్లబ్బులో ప్రోగ్రాం చెయ్యాలంటే ముందే నింపివ్వాలి. ఏ రకం సంగీతం, ఎవరు పాడతారు, వాళ్ల వివరాలేంటి. మొదట్లోనైతే వచ్చే జనం ఏ జాతివాళ్లని కూడా అడిగేవారు. గ్రైమ్ ప్రోగ్రాములు ఎన్నో దీని దెబ్బకి ఆగిపోయాయని ఆ కళాకారులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 2017 నవంబరులో తీసేశారు. అదే ఏడాది స్టార్మ్‌జీ గ్రైమ్ ఆల్బమ్ బ్రిటన్ చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్లింది. చూడండి, విమర్శకులు గ్రైమ్ వేరే జాతా కాదా అని పత్రికల్లో కొట్టుకుంటుంటే, పోలీసువాడికి ఏ సందేహం లేదు. అతని ఫారంలో గడి ఉంది. అణచాలన్నప్పుడు తేడాలు బాగానే కనబడతాయి, గౌరవించాలన్నప్పుడే 'అన్నీ ఒకటేగా' అనిపిస్తుంది. మా హెచ్ఆర్ వాళ్లకీ అంతే. మార్కులేసేటప్పుడు బుర్రకథ ర్యాపే. మరి ర్యాప్ చేసిన నలుగురు కుర్రాళ్లలో ఒక్కణ్ణీ 'మీలో రాజకీయం ఎవరు' అని అడగలేదేం?

ప్రోగ్రాం అయ్యాక వాళ్లని బస్సెక్కించడానికి వెళ్లా. హైవే మీద టీ బడ్డీ దగ్గర ఆగాం. రాజకీయం వేసే ఆయన టీ ఊదుకుంటూ నిమ్మళంగా కూర్చున్నాడు. ఏం చెప్పేవారండీ ఇవాళ, అనడిగా. ఆయన గ్లాసు కింద పెట్టి, గుమ్మెట లేకుండా వేళ్లతో బల్ల మీద కొడుతూ చెప్పాడు. కథలో రాజు కొండదారుల్లో వెళ్తుంటే వాగు పొంగే ఘట్టం వస్తుంది. అక్కడ కథకుణ్ణి ఆపి అడుగుతాడట: మన్యంలో వాగు పొంగితే తప్పుకోడానికి కొండ ఉంది, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంటే మనకే కొండ ఉంది? ఆ వాగు దారిలో ఇళ్లెవరు కట్టించారు, కట్టుకోమని కాగితం మీద సంతకం ఎవరు పెట్టారు, పడవలో పాల ప్యాకెట్టొస్తే ఫొటో ఎవరు దిగారు? దానికి హాస్యం ఏదో అంటాడు, అది ఇక్కడ రాయలేను :)

టీ కాసే ఆవిడ స్టవ్ తగ్గించి వింటోంది. బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్లు ఫోన్లోంచి తలెత్తారు. ఒకడు "మాది సింగ్‌నగరే అన్నా" అన్నాడు. మా ఆఫీసులో ఆ వరదలో ఇల్లు మునిగినవాళ్లు తక్కువలో తక్కువ పదిమంది ఉంటారు. మా హెచ్ఆర్ అమ్మాయి ఇల్లు కూడా అటే. ఆ రోజు హాల్లో వాళ్లంతా కూర్చునే ఉన్నారు.

సోమవారం మెయిలు పెట్టా. బుర్రకథని ర్యాప్ కింద నుంచి తీసి విడిగా పెట్టమని, పాత్రల పేర్లు మీద కంటెంట్ పాలసీ పెట్టొద్దని. మర్యాదగానే జవాబొచ్చింది, మంచి సూచన, వచ్చే ఏడాది ఫారం డ్రాఫ్టులో మార్చాం, చూసుకోండి అని లింకు. చూశా. డ్రాప్‌డౌన్ చివర్న కొత్తగా 'ఇతరములు' చేరింది. ఎంచుకుంటే పక్కన పేరు రాసే గడి వస్తోంది. బుర్రకథ అని కొట్టా. తర్వాతి గడి 'ప్రధాన కళాకారుల సంఖ్య'. మూడు అని కొట్టా. ఎర్రగా అయింది. ఒకటి కంటే ఎక్కువ తీసుకోదట. ఆ వ్యాలిడేషన్ ఎవరు రాశారా అని రెపోలో చూస్తే మా టీమే. టికెట్ నా పేరు మీదే వేసుకున్నా.